మనం గీకితే కూలి, వాళ్ళు బోర్డు కడితే సర్వీసు!

ఏప్రిల్ 15 వచ్చిందంటే మన తూర్పు తీరంలో యంత్రం బోట్లన్నీ రేవు చేరతాయి. జూన్ 14 దాకా 61 రోజులు వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నిషేధం. 2015కి ముందు ఇది 47 రోజులే ఉండేది. సముద్రంలో వేట ఆగుతుంది గానీ రేవులో పని ఆగదు. ఆగకపోగా అప్పుడే మొదలవుతుంది. ఏడాదంతా ఉప్పునీళ్ళలో నానిన బోటుని స్లిప్‌వే మీదికి లాగి, అడుగుకి అంటుకున్న గుల్లలు గీకి, పాచి కడిగి, పాత రంగు ఊడగొట్టి, పలకల సందులు పూడ్చి, కొత్త రంగు వేసి, మెరుగుపెట్టి మళ్ళీ నీళ్ళకి అప్పజెప్పాలి. ఈ రెండు నెలలూ ఆ బోటు కింద వెల్లకిలా పడుకుని పని చేసేదెవరు? ఈ ప్రశ్న ఏ ఆఫీసులో అడిగినా జవాబు లేదు. ఎందుకంటే వాళ్ళ రిజిస్టర్లలో బోటుకి నంబరుంది, ఇంజనుకి నంబరుంది, యజమానికి కార్డుంది, వేటకెళ్ళే కళాసీకి కార్డుంది. గీకేవాడికి ఏదీ లేదు.

నిషేధ కాలానికి వేటకెళ్ళే కుటుంబాలకి మన రాష్ట్ర ప్రభుత్వం భృతి ఇస్తోంది. 2019లో దాన్ని పది వేలు చేశారు, 2025లో ఇరవై వేలు చేశారు. మంచిదే. మత్స్యకార అన్నదమ్ముల నోటికాడ కూడు మాకెందుకు? వాళ్ళకి ఇంకా పెంచమని మేమూ అడుగుతాం. కానీ బోటు ఒడ్డెక్కితే వేటగాడికి పని పోయిందని గుర్తించిన ప్రభుత్వానికి, అదే బోటు ఒడ్డెక్కితే ఇంకొకడికి పని వచ్చిందనీ, ఆ పనిలో వాడి కళ్ళూ ఊపిరితిత్తులూ పోతున్నాయనీ కనపడదా?

మా పేట సంగతి చెప్తాను. కాకినాడకి దిగువన ఏటి పక్క పల్లె. మాలపేటలో పుట్టినవాణ్ణి. మాకు పడవ లేదు, వల లేదు, భూమి అంతకన్నా లేదు. ఊడ్పులు, కోతలు ఉన్నన్నాళ్ళు పొలంలోకి, కోత మిషన్లు దిగాక రేవులోకి. మా అయ్య కాలం నుంచీ ఎండాకాలం బోట్లు గీకడానికి పోవడం అలవాటయింది. పక్కనున్న మాదిగపేట వాళ్ళూ వస్తారు. ఎవరి జట్టు వాళ్ళదే. ఒకే బోటుకి కుడివైపు మేం గీకుతాం, ఎడమవైపు వాళ్ళు గీకుతారు. మధ్యాహ్నం ఆ బోటు నీడ ఒకటే అయినా రెండు పేటల క్యారేజీలు రెండు చోట్ల విప్పుకుంటాం. ఇది మన దౌర్భాగ్యం. దీని గురించి వేరే రాయాలి, రాస్తాను కూడా.

ఈ పనిని చూడనివాళ్ళు "గీకడమే కదా" అంటారు. గుల్ల సంగతి వాళ్ళకి తెలీదు. అదో ప్రాణి. పిల్లగా ఉన్నప్పుడు నీళ్ళలో ఈదుతూ వచ్చి, తలని చెక్కకి ఆనించి జిగురు కారుస్తుంది. చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటుంది. ఇక చచ్చేదాకా కదలదు, చచ్చినా గూడు ఊడదు. అలాంటివి వేలకి వేలు పట్టేసరికి బోటు అడుగు తురుము పీటలా తయారవుతుంది. అడుగు గరుకైతే నీళ్ళు బోటుని వెనక్కి పట్టుకుంటాయి, అదే వేగానికి డీజిలు ఎక్కువ తాగుతుంది. యజమానికి డీజిలు బిల్లులో మిగిలే డబ్బులో మా రేకు గీతలున్నాయి. ఈ మాట ఏ యజమానీ కాదనలేడు. అయితే కూలి మాట్లాడేటప్పుడు మాత్రం ఏ యజమానికీ ఇది గుర్తు రాదు.

గుల్లలు పోయాక చెక్క చూడాలి. కొయ్యని లోపలే తొలిచే పురుగొకటి ఉంది. పైన సూది మొన అంత చిల్లు, లోపల సొరంగాలు. దాన్ని కంటితో పట్టుకోలేం, చెవితో పట్టుకోవాలి. చిన్న సుత్తితో పలక పలకా తట్టుకుంటూ పోతే గట్టి చెక్క ఒక చప్పుడు, బోలు చెక్క ఒక చప్పుడు. మా పెదనాన్న కళ్ళు మూసుకుని తట్టేవాడు. "ఇదిగో, ఇక్కడ జాన మేర పోయింది" అని బొగ్గుతో గీత గీస్తే, వడ్రంగి వచ్చి అంత మేరా కోసి కొత్త పలక వేసేవాడు. వడ్రంగికి పనివాడి కూలి, పెదనాన్నకి అడ్డకూలి. గీత గీసిన చేతికి లేని విలువ కోసిన చేతికి ఎలా వచ్చింది? వడ్రంగికి తక్కువ ఇమ్మని కాదు నేననేది.

తర్వాత సందుల పని. పలకకీ పలకకీ మధ్య దూది పేనిన తాడు ఉలితో కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పైన మెత్తాలి. వదులుగా కూరితే నీరు దూరుతుంది. మరీ బిగిస్తే, నీళ్ళలో చెక్క ఉబ్బినప్పుడు తాడు బయటికి తన్నుకొస్తుంది. ఎంత బిగించాలో పుస్తకంలో ఉండదు, మణికట్టులో ఉంటుంది. ఈ సందుల పనిని గుర్తుపెట్టుకోండి, ముందు దీనితో అవసరం ఉంది.

ఇప్పుడు ఫైబరు బోట్లు ఎక్కువయ్యాయి. 2004 డిసెంబరు సునామీ తర్వాత మన తీరమంతా అవే దిగాయి. కొయ్య బోట్లకి కూడా ఫైబరు తొడుగు వేస్తున్నారు. వీటి పని వేరు. ఎండకి పై పొర చచ్చి సున్నంలా తెల్లబడుతుంది, వేలితో రాస్తే పొడి అంటుతుంది. ముందు మంచినీళ్ళతో ఉప్పు పోయేదాకా కడగాలి. తర్వాత గరుకు కాగితం, తర్వాత రుద్దుడు మందు, దానికి కాంపౌండని పేరు. తర్వాత పాలిష్, ఆఖర్న మైనం. మైనం మెరుపు కోసమే అనుకుంటారు చూసేవాళ్ళు. కాదు. ఎండకీ ఉప్పుకీ బోటుకీ మధ్య అదొక తెర. రుద్దుడు ఎక్కువైతే పై పొర పోయి లోపలి గాజు నార బయటపడుతుంది, ఇక ఆ బోటు నీళ్ళు పీలుస్తుంది. తక్కువైతే మైనం ఆ సున్నం మీదే కూర్చుని నెల్లాళ్ళకి ఊడిపోతుంది. కాలే ఎండలో మైనం పూస్తే మరకలు కడుతుంది కాబట్టి తెల్లారగట్ల మొదలెట్టి ఎండ ముదిరేలోగా ముగించాలి. ఇదంతా ఎవరు నేర్పారు మా కుర్రాళ్ళకి? ఏ ఐటీఐలో చదివారు? చూసి నేర్చుకున్నారు, చెడగొట్టి తన్నులు తిని నేర్చుకున్నారు.

బోటుని మంచినీళ్ళతోనే కడగాలన్నాను. ట్యాంకరు వస్తుంది, పైపు పెడతారు. పొద్దుగూకాక ఒళ్ళంతా ఎర్రరంగు పొడితో, గాజు నార దురదతో ఉన్న మా ఆడవాళ్ళు కాళ్ళూ చేతులూ కడుక్కుంటామంటే "ట్యాంకరు బోటు కోసం, మీరు ఆ రేవులో కడుక్కోండి" అని ఉప్పునీళ్ళు చూపిస్తారు. గీరుకుపోయిన చేతులకి ఉప్పునీళ్ళు! 1985 జూలైలో కారంచేడు నెత్తుటి కథ మొదలైంది ఒక మంచినీళ్ళ చెరువు దగ్గరేనని ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అక్కడ గొడ్డుకి, ఇక్కడ బోటుకి. మధ్యలో మనిషెక్కడ?

ఇక రంగు సంగతి. బోటు అడుగున వేసే రంగు ఉత్త రంగు కాదు, విషం. గుల్ల పట్టకుండా రాగి మందు కలుపుతారు. అంతకుముందు దానికన్నా ఘోరమైనది, తగరంతో చేసిన మందు, టీబీటీ అనేవాళ్ళు, ప్రపంచమంతా వాడారు. దానివల్ల ఫ్రాన్సు తీరంలో ఆల్చిప్పల పెంపకం దెబ్బతింది. పెంకులు వంకర్లు పోయాయి, పిల్లలు బతకలేదు. 1982లో ఆ దేశం చిన్న బోట్లకి ఆ రంగు నిషేధించింది. ఆడ నత్తలకి మగ అవయవాలు మొలుస్తున్నాయని శాస్త్రవేత్తలు కనిపెట్టారు. 2001లో దేశాలన్నీ ఒప్పందం రాసుకున్నాయి, 2008 నుంచి అది అమల్లోకొచ్చింది. నత్త కోసం, ఆల్చిప్ప కోసం ప్రపంచం కదిలింది. కదలాల్సిందే, తప్పని నేననను. కానీ ఆ పాత రంగుని గ్రైండరుతో పొడి చేసి, ఆ పొడిని ముక్కుతో పీల్చి, ఆ పొడి పడ్డ చేత్తోనే అన్నం తిన్నవాడి గురించి మా రేవులో ఏ శాస్త్రవేత్తా వాకబు చేయలేదు. మా పేటలో నలభై దాటిన మగవాళ్ళ దగ్గు రాత్రిపూట వీధి వీధంతా వినపడుతుంది. మా చిన్నాన్నకి గ్రైండరు రాయి పగిలి ఎడమ కన్ను పోయింది. యజమాని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, ఖర్చు పెట్టాడు, కాదనను. తర్వాతి ఏడు మాత్రం "ఒంటి కన్నుతో ఏం గీకుతావురా" అని పనిలో పెట్టుకోలేదు. కళ్ళద్దాలు కొని ఇచ్చి ఉంటే వంద రూపాయల్లో పోయేది.

కూలి ఎంతంటారా? కిందటి వేసవి మా రేవులో మగవాళ్ళకి ఏడు వందలు, ఆడవాళ్ళకి నాలుగు వందల యాభై. ఆడవాళ్ళు గీకరా? గీకుతారు. గీకిన చెత్త ఎత్తి పోసేది కూడా వాళ్ళే. అంటే మనకన్నా ఒక పని ఎక్కువ చేసి తక్కువ తీసుకుంటున్నారు. దీన్ని యజమాని మీదికి నెట్టి చేతులు దులుపుకోవడం కుదరదు. జట్టు తరఫున కూలి మాట్లాడేది మన మగవాళ్ళే. "ఆడోళ్ళకి ఎంతిస్తారో ఇవ్వండి బాబూ" అని వదిలేసి వచ్చేది మన నోరే.

రంగు ఆరి, బోటు తళతళలాడాక ముహూర్తం పెడతారు. ముక్కుకి పసుపు రాసి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొడతారు. ఆ పొద్దున మా జట్టులో కుర్రాడొకడు మర్చిపోయిన బ్రష్షు తెచ్చుకుందామని బోటు ఎక్కబోతే, యజమాని తల్లి "ఒరే, పూజయింది, ఇంక ఎక్కమాకండ్రా" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, అంతకుముందు రోజే మాకు మజ్జిగ పోసింది. రెండు నెలలు ఆ బోటు పొట్ట కింద, బోటు లోపల, బోటు మీద పాకినవాళ్ళం. అందులో అంగుళం అంగుళం మా చేయి తగలని చోటు లేదు. మా చేయి తగిలి శుభ్రమైన బోటు, మా కాలు తగిలితే మైలపడుతుందట! శుభ్రం చేసేవాడే అశుభ్రం. ఈ దేశంలో తప్ప ఈ లెక్క ఎక్కడా తేలదు.

అయితే ఈ మాట మత్స్యకారుల మీద పగతో రాయడం లేదు. వాళ్ళలో నూటికి తొంభై మంది అప్పిచ్చిన షావుకారికి చేప తాకట్టు పెట్టి బతికేవాళ్ళే. వాళ్ళని ఊళ్ళో పెద్దకులాలవాళ్ళు ఎంత దూరంలో కూర్చోబెడతారో వాళ్ళకే తెలుసు. తనని దూరం పెట్టినవాడి దగ్గర నేర్చుకున్న పాఠం తన కిందివాడికి అప్పజెప్పడం, అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా పేట కుర్రాడొకడు ఆరేళ్ళు దుబాయ్‌లో ఉండి వచ్చాడు. ఏం పనిరా అంటే, "బోట్ డిటైలింగ్ పెదనాన్నా" అన్నాడు. నాకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పమంటే చెప్పాడు: షేకుల బోట్లు, తెల్లోళ్ళ బోట్లు, కడగడం, రుద్దడం, పాలిష్, మైనం. "ఒరే, మీ అయ్య చేసేదీ అదేగా" అన్నాను. నవ్వాడు. "అదే గానీ అక్కడ అడుగు లెక్కన రేటు పెదనాన్నా. బోటు ఎన్ని అడుగుల పొడుగుంటే అన్ని అడుగులకి డబ్బు. కడగడానికో రేటు, మైనానికో రేటు, అడుగు గీకడానికో రేటు. ముందే కాయితం మీద రాసిస్తారు. బూట్లు, తొడుగులు, మూతికి మాస్కు లేకుండా పనిలోకి దిగనివ్వరు."

నాకు ఆశ పుట్టింది. కానీ రెండో ప్రశ్న వేశాక ఆశ సగం చచ్చింది. "ఆ అడుగు డబ్బులు నీకిచ్చేవాడా?" "నాకెందుకిస్తాడు, కంపెనీకి. నాకు నెలజీతం. గదికి ఎనిమిది మందిమి." అదీ సంగతి! పేరు మారింది, పరికరం మారింది, మాస్కు వచ్చింది. మాస్కు చిన్న విషయమని నేననను, అది ఊపిరి. కానీ అడుగు లెక్క ఎవడి జేబులోకి పోతోందన్నది మారలేదు.

ఆ దుబాయ్ మాట ఇప్పుడు మన రేవులకీ వచ్చింది. విశాఖ రుషికొండ దగ్గర, విజయవాడ భవానీ ద్వీపం దగ్గర, హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి షికారు బోట్లు తిరుగుతాయి. గోదావరి మీద పాపికొండలకి లాంచీలు నడుస్తాయి. యాత్రికుడికి మెరుపు కావాలి. మా రేవు పక్కనే ఒకాయన బోర్డు కట్టాడు, "బోట్ డిటైలింగ్ సర్వీస్" అని. ఆయన ఎన్నడూ రేకు పట్టినవాడు కాదు, బోటు కింద దూరినవాడు కాదు. ఊళ్ళో ఇరవై ఎకరాల ఆసామి కొడుకు. నీళ్ళు గట్టిగా కొట్టే మిషనొకటి, పాలిష్ మిషన్లు రెండు కొన్నాడు, ఫోన్ నంబరు రాయించాడు. పనిలో పెట్టుకుంది ఎవర్ని? మా పేట కుర్రాళ్ళనే! రేటు అడుగు లెక్కన వసూలు చేస్తాడు, కూలి రోజు లెక్కన ఇస్తాడు. ఒక్క షికారు బోటు మీద ఆయన పుచ్చుకున్నదీ, మా నలుగురు కుర్రాళ్ళకి రెండు రోజులకి ఇచ్చిందీ పక్కపక్కన పెట్టి చూశాను. ఆ తేడాలో పాలిష్ డబ్బా ఖర్చూ, కరెంటూ అన్నీ తీసేసినా, మా నలుగురికీ కలిపి ఇచ్చినదానికన్నా ఎక్కువే మిగిలింది. మనం చేస్తే కడుగుడు పని, కూలిపని, పేట పని. ఆయన బోర్డు కడితే సర్వీసు! మరి ఆ బోర్డు మనమెందుకు కట్టకూడదు?

ఈ ప్రశ్నకి చరిత్రలో జవాబులున్నాయి. మన రేవు పక్కనే కోరంగి ఉంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడ ఓడలు లాగి బాగుచేసేవాళ్ళు, 1839 తుపాను ఆ రేవుని మింగింది. ఆ కోరంగి పేరుతోనే, సముద్రం దాటి బర్మా పోయిన తెలుగు కూలీలనందరినీ "కొరంగీలు" అని పిలిచారు. మర్యాద కోసం పెట్టిన పేరు కాదది, తిట్టు. రంగూన్ రేవులో సరుకు ఎత్తిందీ దించిందీ వాళ్ళే. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడ సరుకు కంపెనీలు బర్మా పేదల్ని తెచ్చి పనిలో పెట్టాయి. సమ్మె తీరగానే మన వాళ్ళని వెనక్కి పిలిచి, బర్మా వాళ్ళని ఇంటికి పొమ్మన్నాయి. ఇంకేముంది, మే 26న రేవులో కత్తులు లేచాయి. మన కూలీలు ఎంతోమంది చచ్చారు. కంపెనీ వాడి గోరు కూడా విరగలేదు. కుడివైపు మాల జట్టుని, ఎడమవైపు మాదిగ జట్టుని పెట్టి బోటు గీకించేవాడికి రంగూన్ తెలియకపోవచ్చు గానీ, కిటుకు మాత్రం తెలుసు.

రెండో జవాబు అమెరికాలో ఉంది. నల్లవాళ్ళ పోరాటం మనకి కొత్త కాదు, దళిత పాంథర్లు పేరు తెచ్చుకున్నదే అక్కడినుంచి. ఫ్రెడరిక్ డగ్లస్ పేరు విన్నవాళ్ళున్నారు. బానిసగా పుట్టి, పారిపోయి, బానిసత్వాన్ని కూలదోసిన పెద్దల్లో ఒకడైనవాడు. ఆయన చేతిపని ఏమిటో ఎంతమందికి తెలుసు? నేను పైన గుర్తుపెట్టుకోమన్న పనే, ఓడ పలకల సందులు కూరడం! బాల్టిమోర్ రేవులో 1836లో ఆ పనికి పెడితే తెల్ల కుర్రాళ్ళు నలుగురు కలిసి కొట్టారు, కన్ను పోయినంత పనైంది. వేరే యార్డులో పని నేర్చి రోజుకి డాలరున్నర సంపాదించే మొనగాడయ్యాడు. సంపాదించింది సంపాదించినట్టు శనివారం యజమాని చేతిలో పోయాలి. వారానికి ఆరు డాలర్లు తెస్తే ఒక్కోసారి ఆరు సెంట్లు ఆయన చేతిలో పెట్టేవాడట, ప్రోత్సాహం కోసం! 1838 సెప్టెంబరులో నావికుడి వేషంలో పారిపోయి న్యూ బెడ్‌ఫర్డ్ చేరాడు. అక్కడ బానిసత్వం లేదు. పని అడిగితే ఏమైంది? నల్లవాడు ఉలి పడితే మేం దిగిపోతామన్నారు తెల్ల పనివాళ్ళు. చేతిలో అంత పని ఉన్నవాడు కట్టెలు కోసి, బొగ్గు ఎత్తి బతికాడు. స్వేచ్ఛ వచ్చింది గానీ పని రాలేదు. మనకి 1950లో రాజ్యాంగం వచ్చినట్టే.

కథ అక్కడితో ఆగలేదు. 1865లో అదే బాల్టిమోర్‌లో తెల్ల పనివాళ్ళు సమ్మె కట్టి, ఓడల పనిలో ఉన్న నల్లవాళ్ళని యార్డుల్లోంచి వెళ్ళగొట్టించారు. అప్పుడు ఐజాక్ మైయర్స్ అనే సందులు కూరే మేస్త్రీ, ఇంకొందరూ కలిసి ఏం చేశారు? పని ఇమ్మని కాళ్ళు పట్టుకోలేదు. ఒక్కో వాటా ఐదు డాలర్లు పెట్టి నల్లవాళ్ళ దగ్గరే వసూలు చేసి, పదివేల డాలర్లు పోగేసి 1866లో సొంత యార్డు పెట్టారు. ఓడని పట్టాల మీద ఒడ్డుకి లాగే స్లిప్‌వేతో సహా! మూడు వందల మంది దాకా నల్లవాళ్ళకి పని దొరికింది. మైయర్స్ తర్వాత 1869లో నల్ల కార్మికుల జాతీయ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఆ యార్డు దాదాపు ఇరవై ఏళ్ళు నడిచి 1884లో మూతపడింది. ఎందుకు? పని చేతకాక కాదు. కింద నేల వాళ్ళది కాదు, కౌలుది. నేల వాడు అద్దె పెంచాడు. ఈ సంగతి మా జట్టులో చదివి వినిపించినప్పుడు ఒక ముసలాయన, "అక్కడా భూమేనేంట్రా!" అన్నాడు.

మనలోనే కొందరు పెద్దలు నా మీద విరుచుకుపడతారని తెలుసు. "బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మోయడం మానమన్నాడు, నువ్వు బోటు గీకుడుకి గౌరవం అడుగుతున్నావా? మన పిల్లలు రేకు పారేసి పుస్తకం పట్టాలి" అంటారు. కిందటి నెల సభలో అన్నారు కూడా. పుస్తకం పట్టాలి, కాదనేవాణ్ణి చెప్పుతో కొట్టండి. నా కొడుకు డిగ్రీ చదువుతున్నాడు, వాణ్ణి రేవుకి పంపను. కానీ చచ్చిన గొడ్డు మోయడం ఊరు మన మెడకి కట్టిన వెట్టి. మానేస్తే ఊరికి కంపు, మనకి విడుదల. బోటు పని అలాంటిది కాదు, కూలి మాట్లాడుకుని చేసే చేతిపని. మనం మానేస్తే రేపే బోర్డు ఆసామి బీహార్ నుంచి ఇంకో పేదవాణ్ణి తెస్తాడు, రంగూన్‌లో తెచ్చినట్టు. పనిలో మురికి లేదు. మాస్కు ఇవ్వని చేతిలో, రోజు లెక్కన గుంజుకునే లెక్కలో మురికి ఉంది. చదువుకున్న కొడుకు ఉన్నాడని యాభై ఏళ్ళ తండ్రి ఊపిరితిత్తులు ఆగుతాయా?

చేతిపనికి విలువ ఎప్పుడు దొరుకుతుందో 2019లో చూశాం. సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక లాంచీ గోదావరిలో మునిగి ఎన్నో కుటుంబాలు గుండెలు బాదుకున్నాయి. పెద్ద పెద్ద సంస్థలు వచ్చాయి, వెళ్ళాయి. అక్టోబరు 22న దాన్ని బయటికి లాగింది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం, తాళ్ళతో, లంగర్లతో, నీటి సంగతి తెలిసిన ఒళ్ళుతో. అందరూ చేతులెత్తేశాకే అలాంటి చేతులు గుర్తొస్తాయి.

కాబట్టి రేవుల్లో పనిచేసే సంఘాలకి నా మాట ఇది. ముందు రోజుకూలి వద్దందాం. అడుగు లెక్కన రేటు అడుగుదాం: గీకుడుకి ఇంత, సందులకి ఇంత, మైనానికి ఇంత. అందులో మగ అడుగు, ఆడ అడుగు అని ఉండదు కాబట్టి ఆడవాళ్ళ కూలి గొడవ కూడా అక్కడే తెగుతుంది. కళ్ళద్దాలు, మాస్కు, తొడుగులు, పని చివర కడుక్కోవడానికి మంచినీళ్ళు లేకపోతే బోటు ముట్టం. ఇది బేరం కాదు, షరతు. అసంఘటిత కార్మికులకి 2021 ఆగస్టులో కేంద్రం మొదలెట్టిన ఈ-శ్రమ్ నమోదులో "కూలి" అని ఊరుకోకుండా బోటు మరమ్మతు పని అని చెప్పి రాయించుకోండి. రేపు నిషేధ కాలం జాబితాలో, ప్రమాద పరిహారంలో మన వాటా అడగాలంటే ముందు మనం కాగితం మీద ఉండాలి.

ఆ తర్వాత సంఘం. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరు చేసుకోవచ్చు. నీళ్ళ మిషను, పాలిష్ మిషన్లు, పొడి పీల్చే మిషను కొనడానికి ఎస్సీ కార్పొరేషన్‌ని నిలదీయాలి. 2013లో చట్టంగా తెచ్చిన సబ్‌ప్లాన్ డబ్బు రోడ్లకీ గోడలకీ పోయిందని ఎన్నిసార్లు వినలేదు మనం? ఈసారి మన బోర్డుకి రానీ. నేల మాత్రం కౌలుకి తీసుకోవద్దు. రేవులో ప్రభుత్వ భూమి ఉంది, సంఘం పేర రాసివ్వమని అడుగుదాం. రెండు పేటలకి ఒకే సంఘం. వేరు వేరు సంఘాలు పెడితే బోర్డు ఆసామి ఆ రోజు స్వీట్లు పంచుతాడు.

మా రేవులో ఒక పని మొదలెట్టాం. దుబాయ్ నుంచి వచ్చిన కుర్రాడు వంద అడుగుల టేపు కొన్నాడు. ఈ వేసవి లాగిన ప్రతి బోటునీ ముక్కు నుంచి వెనక దాకా కొలిచి, ఎంతమంది ఎన్ని రోజులు చేశారో, ఎంత కూలి వచ్చిందో పక్కన రాస్తున్నాడు. రెండు పేటల నుంచీ ఇద్దరేసి ఆడవాళ్ళు సంతకం చేస్తున్నారు. విశాఖలో, మచిలీపట్నంలో, నిజాంపట్నంలో, భావనపాడులో ఈ పని చేసేవాళ్ళు మీ రేవు లెక్క కూడా ఇలాగే రాయండి. బోటు పొడుగు, జట్టు, రోజులు, కూలి, దెబ్బలు తగిలితే అదీ. యజమాని పేరు అక్కర్లేదు. వచ్చే ఏప్రిల్ 15 లోగా పత్రిక అడ్రసుకి పంపితే, అన్ని రేవుల లెక్కా ఒకచోట వేసి, అప్పుడు అడుగు రేటు ఎంత అడగాలో కూర్చుని మాట్లాడుకుందాం.